తెలివి గీత

శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కుతుండగా దావూద్ నడుపుతున్న జీపు ఒక ఇటుకల లారీ వెనక చిక్కుకుంది. లారీ మొదటి గేరులో మూలుగుతూ నడిచే మనిషి కంటే నిదానంగా ఎక్కుతోంది. ఎడమపక్క కొండ, కుడిపక్క లోయ. ముందు మలుపు. మలుపు అవతల ఏం వస్తోందో కనిపించే వీలే లేదు.

"చూస్తూ ఉండు. తొందరపడకు," అంది పక్క సీట్లో ఉన్న డాక్టర్ హైమవతి.

ఆమె లారీని చూడడం లేదు. రోడ్డు మధ్యలో నిండుగా పరుచుకున్న తెల్లగీతనే చూస్తోంది. నిండు గీత ఉంటే దాటకూడదు. ముక్కలుగా ఉంటే దాటవచ్చు. డ్రైవింగు నేర్చుకున్న వాళ్ళెవరికైనా తెలిసిన సంగతే. కానీ ఆ గీత మామూలు గీత కాదు. వాళ్ళు చూస్తుండగానే దాని మధ్య నల్లటి ఖాళీలు పుట్టాయి. మలుపు వైపు నుంచి ఒక్కొక్కటిగా పరిగెత్తుకుంటూ వచ్చి జీపు పక్కదాకా చేరాయి. నిండు గీత ముక్కల గీత అయిపోయింది.

"వెళ్ళు," అంది హైమవతి.

దావూద్ బిస్మిల్లా అనుకుని స్టీరింగు కుడికి తిప్పాడు. లారీని దాటి, మలుపు తిరిగి, మళ్ళీ ఎడమకి వచ్చాడు. అవతల రోడ్డంతా ఖాళీ. కిలోమీటరు పైకి వెళ్ళాక ఒక వ్యాను వెనక మళ్ళీ అదే ప్రయత్నం చేయబోయాడు. ఈసారి అతను కుడికి తిప్పేలోపలే ముక్కలన్నీ అతుక్కుపోయి గీత నిండుగా మారింది. బ్రేకు మీద కాలు పెట్టాడు. మరుక్షణం మలుపు చాటు నుంచి బస్సు దూసుకొచ్చి వాళ్ళ పక్కనుంచి వెళ్ళిపోయింది. దాని గాలికి జీపు ఊగింది.



హైమవతి విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక చిన్న పరిశోధనశాలలో పదార్థశాస్త్రవేత్త. దావూద్ ఆమె దగ్గర ఇంజనీరు, విజయనగరం వాడు. రోడ్డు రంగులో కలిసిపోయే సన్నటి గింజలని వాళ్ళిద్దరూ కలిసి తయారుచేశారు. చక్రం తగిలినా, మనిషి నడిచినా, మేక పరిగెత్తినా రోడ్డు అదురుతుంది. ఆ అదురు ఒక గింజకి తెలిస్తే పక్క గింజకి చెబుతుంది. కబురు గీత వెంట పాకి మలుపు ఇవతలికి చేరుతుంది. అవతల ఎవరైనా వస్తుంటే గింజలు తెల్లబడి గీత నిండుతుంది. ఎవరూ లేకపోతే మధ్యమధ్య నల్లబడి ముక్కలవుతుంది. పరిశోధనశాలలో దానికి ప్రాణరేఖ అని పేరు పెట్టారు. ఆ తర్వాత డ్రైవర్లు తెలివి గీత అన్నారు. ఆ పేరే నిలిచింది.

ఆ రోజు పైకి వెళ్ళాక రోడ్డు పక్కన కాల్చిన మొక్కజొన్న పొత్తులు కొనుక్కుని జీపు బానెట్‌కి ఆనుకుని తిన్నారు.

"మీ తమ్ముడుంటే ఎంత సంతోషించేవాడో మేడం," అన్నాడు దావూద్.

హైమవతి తమ్ముడు ఈ ఘాట్‌లోనే పోయాడు. స్నేహితులతో అరకు వెళ్తుంటే, వాళ్ళ జీపు డ్రైవరు మలుపులో బస్సుని దాటబోయాడు.

"వాడుంటే నేనిది చేసేదాన్ని కాదు దావూద్," అంది హైమవతి. "ఎక్కడో కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ ఉండేదాన్ని."

* * *

ఘాట్ రోడ్డు మొత్తానికీ తెలివి గీత వేశారు. ఏడాది తిరిగేసరికి ఆ రోడ్డు మీద ఎదురెదురుగా గుద్దుకోవడమన్నది ఆగిపోయింది. తర్వాత పాడేరు ఘాట్‌కి వేశారు. ఆ తర్వాత విశాఖ చుట్టుపక్కల డివైడరు లేని రోడ్లకి కూడా. హైమవతికి సన్మానాలు జరిగాయి. ఆమె శాలువాలు తెచ్చి బీరువాలో పడేసేది. కానీ ఘాట్ పక్క ఊళ్ళలో ఎవరైనా ఆపి "మీరే కదమ్మా గీతలావిడ" అంటే మాత్రం ఆ రోజంతా ఆమె మొహం వెలిగిపోయేది.

ఆమె కూతురు మేఖల కారు నేర్చుకున్నది ఆ గీతల మీదే. ఇంజనీరింగు రెండో ఏడు చదువుతున్న పిల్ల, చురుకైనది. ఆదివారాలు తల్లి పక్కన కూర్చుని నేర్పేది. తండ్రి చంద్రమౌళి వెనక సీట్లో కూర్చునేవాడు. ఆయన డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాడు. ఇరవై ఏళ్ళుగా స్కూటరు తప్ప ఇంకేదీ నడపలేదు. ఆ స్కూటరు మీద కూడా సైకిళ్ళే ఆయన్ని దాటిపోయేవి.

ఒక ఆదివారం అనంతగిరి వైపు వెళ్తుంటే మేఖల ఒక పాలవ్యానుని గుడ్డి మలుపులో సునాయాసంగా దాటేసింది. చంద్రమౌళి ముందు సీటు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"అవతల ఏముందో నీకెలా తెలిసిందే?" అన్నాడు కళ్ళు తెరిచాక.

"గీత చెప్పింది కదా నాన్నా."

"నువ్వు తలెత్తి చూడనైనా లేదు."

"ఎందుకు చూడాలి? చూసినా కనపడదుగా. కొండ అడ్డం." మేఖల నవ్వింది. "అమ్మా, నువ్వైనా చెప్పు నాన్నకి."

"అది సరిగ్గానే నడుపుతోందండీ," అంది హైమవతి. "మనిషి కన్ను మలుపు తిరగదు. గీత తిరుగుతుంది. కంటి కంటే దాన్ని నమ్మడమే మంచిది."

చంద్రమౌళి హైమవతి వైపు తల తిప్పి ఆమె మొహంలోని గర్వాన్ని చూసి, తను కూడా చిన్నగా నవ్వి ఊరుకున్నాడు.

* * *

రాష్ట్రమంతా తెలివి గీత వేయాలా వద్దా అని తేల్చడానికి ప్రభుత్వం ఒక సంఘాన్ని వేసింది. దాని ముందు పెట్టాల్సిన పరీక్షలు దావూద్ చేస్తున్నాడు. పరిశోధనశాలలో ఒక గదిలో కారు సీటు, స్టీరింగు, ఎదురుగా పెద్ద తెర ఉండేవి. డ్రైవరు కళ్ళు ఎటు తిరుగుతున్నాయో చూసే కెమెరా ఉండేది. ఒక మధ్యాహ్నం అతను హైమవతిని ఆ గదిలోకి పిలిచాడు.

"వీళ్ళంతా మన గీతల మీద ఏడాదికి పైగా నడిపినవాళ్ళు మేడం. వీళ్ళకి నేను మామూలు రోడ్డు చూపించాను. పాత రంగు, పాత ముక్కల గీత. ముందు ట్రాక్టరు. చూడండి."

తెర మీద ఒక డ్రైవరు చూపు ఎక్కడ పడితే అక్కడికి ఒక ఎర్రచుక్క కదులుతోంది. చుక్క ట్రాక్టరు మీద ఆగింది, గీత మీదకి దిగింది. స్టీరింగు కుడికి తిరిగింది. చుక్క ఒక్కసారి కూడా దూరానికి పైకి లేవలేదు. తర్వాతి డ్రైవరూ అంతే. ఆ తర్వాతి మనిషీ అంతే.

"పాత రోడ్డు మీద ముక్కల గీతంటే ఏమిటి? దాటవచ్చు, కానీ చూసుకుని దాటు అని," అన్నాడు దావూద్. "మన గీతకి అలవాటుపడ్డ వాళ్ళకి అది రోడ్డు ఖాళీ అని చెబుతోంది. ఒకటే గీత, రెండు అర్థాలు. మనది వేరే రంగులో ఉండాలి మేడం. నీలమో, పసుపుపచ్చో. ఏ రోడ్డు మీదున్నాడో మనిషికి తెలియాలి."

హైమవతి చాలాసేపు తెర వైపు చూసింది. అతను చెప్పింది ఆమెకి అర్థంకాక కాదు.

"రంగు మార్చాలంటే నిబంధన మార్చాలి. నిబంధన మారడానికి ఎన్నేళ్ళు పడుతుందో నీకు తెలుసు. ఈ సంఘం ఇప్పుడు ఒప్పుకోవడానికి సిద్ధంగా ఉంది. మధ్యలో ఈ ముక్క చెబితే మొత్తం అటకెక్కిస్తారు. ఆ లోపల మిగతా ఘాట్‌లలో పోయేవాళ్ళ మాటేమిటి?"

"మరి ఇలాంటివాళ్ళ మాట?"

"రెండు మూడేళ్ళలో అన్ని రోడ్లూ మనవే అవుతాయి. పాత గీతే ఉండదు. అప్పుడీ సమస్యే ఉండదు."

"అందాకా ఉంటుంది కదా మేడం."

హైమవతి లేచింది. గుమ్మం దగ్గర ఆగి, "సంఘానికి పంపేదాంట్లో ఇది పెట్టకు. ముందు ఆమోదం రానీ. తర్వాత నేనే చెబుతాను," అంది.

దావూద్ పెట్టలేదు.

* * *

మేఖల స్నేహితురాలికి పాలకొండలో నిశ్చితార్థం. పిల్ల పట్టుచీర కట్టుకుని, తల్లి కారు తీసుకుని ఒక్కతే బయల్దేరింది. బొబ్బిలి దాటాక తెలివి గీత వేయని పాత రోడ్డు మొదలైంది. చెరుకు బళ్ళ కాలం. రెండు ట్రాలీలు తగిలించిన ట్రాక్టరు ఒకటి రోడ్డంతా తనదే అన్నట్టు పోతోంది. కొంచెం ముందు కల్వర్టు మీద రోడ్డు మూపురంలా లేచి ఉంది. మధ్యలో వెలిసిపోయిన ముక్కల గీత.

మేఖల కుడికి తిప్పింది.

మూపురం అవతల నుంచి మోటారుసైకిలు మీద భార్యాభర్తలు వస్తున్నారు. భర్త పేరు సన్యాసిరావు. పెళ్ళిళ్ళకి షామియానాలు వేసే పని. అక్కడికక్కడే పోయాడు. భార్య పైడమ్మ పక్క పొలంలో పడింది, కాలు విరిగింది. మేఖలకి మణికట్టు బెణికింది, నుదురు చిట్లింది. అంతే.

హైమవతి, చంద్రమౌళి ఆసుపత్రికి చేరేసరికి మేఖల బెంచీ మీద కూర్చుని ఉంది. చీర కుచ్చిళ్ళకి మట్టి అంటుకుని ఉంది. పోలీసావిడ ఒకామె పక్కన నిలబడి ఉంది. తల్లిని చూడగానే మేఖల లేవలేదు, ఏడవలేదు.

"ముక్కలుగానే ఉందమ్మా," అంది. "నేను చూశాను. ముక్కలుగానే ఉంది."

 చంద్రమౌళి పిల్ల పక్కన కూర్చుని తల దగ్గరికి తీసుకున్నాడు. మేఖల ఆయన భుజం మీద నుంచి తల్లినే చూస్తోంది.

"గీత నిండుగా లేదమ్మా. నిండుగా ఉంటే నేను వెళ్ళనని నీకు తెలుసు కదా."

"తెలుసు తల్లీ," అంది హైమవతి. 

సాయంత్రానికి దావూద్ వచ్చాడు. ఫ్లాస్కులో టీ తెచ్చి కప్పుల్లో పోసి అందరికీ ఇచ్చాడు. మేఖలకి మందులు తెచ్చిపెట్టాడు. పోలీసులతో మాట్లాడాడు. అతను వెళ్తుంటే హైమవతి కూడా మెట్లదాకా నడిచింది. అతను ఆ పాత మాట ఎత్తుతాడని ఎదురుచూసింది. అతను ఎత్తలేదు. "పాపని ఒంటరిగా వదలకండి మేడం," అని మాత్రం అని దిగిపోయాడు. ఎత్తి ఉంటే బాగుండునని ఆమెకి అనిపించింది.

* * *

రెండు రోజుల తర్వాత పరిశోధనశాల అధిపతి ఇంటికొచ్చి పరామర్శించాడు. కాఫీ తాగి, గొంతు తగ్గించి అన్నాడు.

"డాక్టరుగారూ, మీరు కుమిలిపోకండి. అది మన గీత ఉన్న రోడ్డు కాదు. ఈ ప్రమాదానికీ మన పనికీ సంబంధమే లేదు. సంఘం వచ్చేవారం కూర్చుంటోంది. మీరు రాకపోయినా ఫరవాలేదు, నేను చూసుకుంటాను."

లాయరు ఇంకో దారి చెప్పాడు. పోయినతను హెల్మెట్ పెట్టుకోలేదు. బండి వేగంగా వచ్చిందని ట్రాక్టరు డ్రైవరు చెబుతున్నాడు. అది పట్టుకుంటే అమ్మాయికి కేసు తేలికవుతుంది.

అందరూ వెళ్ళాక చంద్రమౌళి భార్య ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"హైమా, నువ్వేదో దాస్తున్నావు."

ఆమె చెప్పింది. పరీక్ష గది గురించి, ఎర్రచుక్క గురించి, దావూద్ అడిగిన రంగు గురించి, తను వద్దన్న సంగతి గురించి. చంద్రమౌళి అంతా విన్నాక లేచి వెళ్ళి వంటింట్లో స్టవ్ ముందు ఊరికే నిలబడ్డాడు. చాలాసేపటికి తిరిగి వచ్చాడు.

"నేను వెనక సీట్లోనే ఉన్నాను," అన్నాడు. "అది తల ఎత్తడం లేదని చూశాను కూడా. నీకు తెలిసిన విద్య కదా అని ఊరుకున్నాను."

సంఘం కూర్చున్న రోజు హైమవతి వెళ్ళింది. దావూద్ పరీక్షలన్నీ వాళ్ళ ముందు వేసి చూపించింది. కూతురి ప్రమాదం గురించి చెప్పింది. ఇది తనకి ముందే తెలుసనీ, తనే ఆపించిందనీ చెప్పింది. అధిపతి తల దించుకుని బల్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఒక సభ్యుడు, "అంటే మీ గీత తప్పు చెబుతోందా?" అని అడిగాడు.

"లేదండీ. మా గీత ఎప్పుడూ నిజమే చెప్పింది. అందుకే జనం చూడడం మానేశారు. అది లేనిచోట కూడా చూడడం లేదు."

* * *

సన్యాసిరావు ఇంటికి వెళ్ళవద్దని లాయరు గట్టిగా చెప్పాడు. అయినా హైమవతి వెళ్ళింది. చంద్రమౌళి తోడు వచ్చాడు. మేఖల కూడా వస్తానంది కానీ తమ ఇంటి వీధి గుమ్మం దాకా వచ్చి, అక్కడే మెట్టు మీద కూలబడిపోయింది.

వాకిట్లో షామియానా గుంజలు, చుట్టిన ఎర్రగుడ్డలు ఒక మూల పేర్చి ఉన్నాయి. పైడమ్మ కట్టు కట్టిన కాలు చాపుకుని నులకమంచం మీద కూర్చుంది. వాళ్ళెవరో తెలిశాక కూడా పొమ్మనలేదు. ఎవరో ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి వేశారు. హైమవతి కూర్చోలేదు.

"మీ అమ్మాయి మా ఇంటాయన్ని సూసిందేటమ్మా?" అంది పైడమ్మ.

"లేదమ్మా. చూడలేదు."

"సూసుంటే ఆగునా?"

"ఆగేది."

పైడమ్మ తల ఊపింది. "అదే అడుగుదామనుకున్నాను. మేము ఆ మిట్ట ఎక్కి దిగేతలికి కారు మా మీదకే వచ్చీసింది. సూసి కూడా వచ్చీసిందేమో, మేమంటే అంత లెక్కనేదేమో అనుకున్నాను. పడుకుంటే అదే గుర్తొస్తంది."

"చూడక్కర్లేదని దానికి నేర్పింది నేనమ్మా," అంది హైమవతి. గీతల సంగతి చెప్పబోయింది. సగం చెప్పేసరికి పైడమ్మ చెయ్యెత్తి ఆపింది.

"నాకియ్యన్నీ తెలవవు. సూడనేదన్నారు కదా, సాలు." కాసేపు గుంజల వైపు చూసింది. "ఇంక మీరు రాకండమ్మా. మీ మొకం సూస్తే నాను కోపం తెచ్చుకోవాలి. నాకు ఓపిక నేదు."

* * *

కొత్త రంగు ఏదో తేల్చేదాకా తెలివి గీతలన్నీ ఆపేయమని ఉత్తర్వు వచ్చింది. హైమవతి కబురు చెబితే దావూద్ తల పట్టుకున్నాడు.

"రంగు మార్చమన్నాను కానీ ఆపేయమనలేదు మేడం. ఇప్పుడు వీళ్ళకి చూడడం రాదు. ఉన్నపళంగా గీత చచ్చిపోతే ఘాట్‌లో ఏమవుతుంది?"

ఆమెకీ తెలుసు. సంఘానికి చెప్పి చూసింది. కానీ ఈసారి వాళ్ళు భయపడిపోయి ఉన్నారు. ఒకరోజు పొద్దున్నే ఘాట్ కింది నుంచి కరెంటు పంపి గింజలన్నిటినీ చంపేశారు. వాటి మీద మామూలు తెల్లరంగు వేశారు. మలుపుల్లో నిండు గీతలు, తిన్నని చోట్ల ముక్కల గీతలు, వెనకటిలాగే. మలుపు మలుపుకీ బోర్డులు పెట్టారు. బోర్డులు చదివేదెవరు? పరిశోధనశాల వాళ్ళే జెండాలు పట్టుకుని వంతులవారీగా మలుపుల్లో నిలబడ్డారు. హైమవతి తన వంతే కాక మిగతావాళ్ళ వంతులకీ నిలబడేది. అయినా మొదటి నెలలోనే, జెండా మనిషి లేని చోట, ఒక జీపు ముక్కల గీత చూసి కుడికి తిరిగి ఎదురుగా వచ్చిన వ్యానుకి గుద్దుకుని లోయలో పడింది. ఇద్దరు పోయారు. గీతలు బతికి ఉంటే వాళ్ళిద్దరూ బతికేవారు. ఆ మాట హైమవతికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

మేఖల కేసు ఇంకా కోర్టులో ఉంది. హెల్మెట్ మాట ఎత్తవద్దని మేఖలే లాయరుకి చెప్పింది. ఆ పిల్ల మళ్ళీ స్టీరింగు ముట్టుకోలేదు. ఒకరోజు తల్లి బయల్దేరుతుంటే వచ్చి జీపు వెనక ఎక్కింది. దావూద్ ఆమె చేతికో జెండా ఇచ్చి పై మలుపులో దింపాడు.

ఆ పూట మంచు విడిచి ఎండ వచ్చింది. రోడ్డు కాస్త తిన్నగా సాగేచోట హైమవతి అంచున నిలబడి ఉంది. పనస పళ్ళ లారీ ఒకటి నెమ్మదిగా ఎక్కుతోంది. దాని వెనక టూరిస్టు కారు. నడిపేవాడు పాతికేళ్ళ కుర్రాడు. పక్కన ముక్కల గీత ఉన్నా వాడు దాటలేదు. ఆమె దగ్గరికి రాగానే అద్దం దించాడు.

"వెళ్ళొచ్చా మేడం?"

ఆమె నిలబడ్డ చోటు నుంచి ముందు రోడ్డంతా కనిపిస్తోంది. ఖాళీగా ఉంది. పచ్చజెండా ఆమె చేతిలోనే ఉంది. ఎత్తితే చాలు, వాడు వెళ్ళిపోతాడు. వాడి కళ్ళు జెండా మీదే ఉన్నాయి.

హైమవతి జెండా చుట్టి చంకలో పెట్టుకుంది.

"నేనిక్కడ లేననుకో బాబూ. నీకేం కనిపిస్తోంది?"

"లారీ."

"లారీ అవతల?"

కుర్రాడు మెడ సాచాడు. "కనపడ్డం లేదండీ."

"కనిపించేదాకా ఆగు."

వాడు ఆమెని అయోమయంగా చూసి కారు కదిపాడు. లారీకి కాస్త దూరం జరిగాడు. కొంచెం కుడికి వచ్చి తల బయటపెట్టి చూశాడు, మళ్ళీ వెనక్కి తగ్గాడు. మళ్ళీ చూశాడు. రోడ్డు మొదటి నుంచీ ఖాళీగానే ఉంది. ఆ సంగతి వాడికింకా తెలియదు. వెనక నాలుగు కార్లు చేరి హారన్లు కొడుతున్నాయి. వాడు తొందరపడలేదు. హైమవతి నోరు మెదపకుండా, వాడు చూడడం నేర్చుకుంటుంటే నిలబడి చూసింది.